పంక్ కవర్లు: ఐదు రకాల్లో మీ చెవికి పడేది ఏది?

మొన్న మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. “మామయ్యా, పంక్ కవర్స్ వినమన్నావు కదా, ప్లేలిస్ట్ పెట్టాను. మొదటి పాట హుషారుగా ఉంది. రెండోదాంట్లో ఎవడో పీక పిసుకుతున్నట్టు అరుస్తున్నాడు. మూడోదాంట్లో గిటారు ఉందో లేదో కూడా తెలియట్లేదు. మూడూ పంకేనా?” మూడూ పంకే అన్నాను. “అయితే ఆ పేరు పెట్టి లాభమేంటి?” అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే. వాడికి వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపిన జవాబును ఇక్కడ ఒక దారిలో పెడుతున్నాను. కవర్ అంటే ఒకరి పాటను ఇంకొకరు తమ పద్ధతిలో మళ్లీ పాడటం. పంక్ అంటే, మోటుగా చెప్పాలంటే, గట్టిగా, వేగంగా, గరుకుగా వాయించే రాక్. తెలిసిన పాటలకు ఆ పంక్ వేషం వేస్తే వినాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ల కోసం ఇది.

## ముందు ఆ పేరు సంగతి

మనకు రాగం పేరు చెబితే స్వరాలు తెలిసిపోతాయి. మోహన అంటే స రి గ ప ద. అందులో మధ్యమం వినిపించిందంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. జానర్ పేరు, అంటే పంక్, మెటల్ లాంటి సంగీతపు రకం పేరు, అలా పనిచేయదు. అది ఇంటిపేరు లాంటిది. మనిషి ఏ ఇంటివాడో చెబుతుంది గానీ, పొడుగో పొట్టో, శాంతమో కోపమో చెప్పదు.

‘పంక్’ అన్నది అమెరికన్ వాడుకలో ఒక తిట్టు. మన ‘పోకిరీ’, ‘పనికిమాలినవాడు’ అన్న మాటలకు దగ్గరగా ఉంటుంది. 1970ల మొదట్లో అక్కడి విమర్శకులు దాన్ని 1960ల నాటి గరాజ్ బ్యాండ్లకు (ఇంటి కారు షెడ్లలో సాధన చేసే కుర్రాళ్ల బ్యాండ్లకు) తగిలించారు. 1972లో లెన్నీ కే అనే రచయిత అలాంటి పాటలు ఏరి ‘నగెట్స్’ అనే డబుల్ ఆల్బం కూర్చాడు. దాని నోట్స్‌లోనూ ‘పంక్ రాక్’ అన్న మాట ఉంది. ఆ లెన్నీ కేనే తర్వాత పాటీ స్మిత్ బ్యాండ్‌లో గిటారిస్ట్. 1975లో వచ్చిన వాళ్ల ‘హార్సెస్’ ఆల్బంలో మొదటి పాట ఏంటి? ‘గ్లోరియా’. 1964లో బెల్‌ఫాస్ట్ బ్యాండ్ ‘దెమ్’ పాడినదానికి కవర్. అంటే పంక్ ఇంటి గడప మీదే కవర్ పాట కూర్చుని ఉంది.

ఆ తర్వాత పేర్లు పిల్లల్ని పెట్టాయి. 1977లో న్యూయార్క్ పంక్ బ్యాండ్ రామోన్స్ రికార్డులు అమ్ముతున్న సైర్ కంపెనీ అధినేత సీమోర్ స్టైన్‌కు, పంక్ అనగానే రేడియోవాళ్లు తలుపు వేసేస్తున్నారని బెంగ. అందుకని ‘న్యూ వేవ్’ అన్న పేరును ముందుకు తోశాడు. అంటే కొన్ని లేబుళ్లు సంగీతంలోంచి పుట్టాయి, కొన్ని సేల్స్ వాళ్ల టెన్షన్‌లోంచి పుట్టాయి. ఈ తేడా గుర్తుంటే చాలా గొడవ తగ్గుతుంది.

## ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి

పేరు పక్కన పెట్టాక నేను నాలుగు సంగతులు చూస్తాను.

అసలు పాట మీకు తెలుసా? కవర్‌లో సగం మజా పోలికలోనే ఉంటుంది. అసలు మనిషి గొంతు తెలియకుండా మిమిక్రీ చూస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే. కొన్ని కవర్లు మాత్రం అసలు పాట తెలియకపోయినా సొంత కాళ్ల మీద నిలబడతాయి.

ట్యూన్ ఎంత మిగిలింది? దీనికి కాస్త వివరం కావాలి. గిటారు మీద పవర్ కార్డ్ అంటే మన లెక్కలో స–ప, పైన ఇంకో స. తంబురా ఇచ్చే శ్రుతి కూడా దాదాపు అదే. మామూలు కార్డ్‌లో ఉండే గాంధారం ఇందులో ఉండదు. పాట సంతోషంగా ఉందా దిగులుగా ఉందా అన్నది చాలావరకు చెప్పేది ఆ గాంధారమే. దాన్ని తీసేసి యాంప్ సౌండ్ పెంచితే, ఆ పనంతా గొంతు మీద పడుతుంది. గాయకుడు ట్యూన్ పట్టుకుంటే ఎంత రొదలోనైనా పాట నిలుస్తుంది, వదిలేస్తే రొదే మిగులుతుంది. డ్రమ్స్ సంగతి కూడా గమనించండి. స్లో పాటను పంక్ చేసేటప్పుడు చాలాసార్లు పాడేవాడు పాత నడకకు దగ్గరగానే పాడతాడు, డ్రమ్స్ మాత్రం రెండో కాలంలోకి వెళ్లిపోతాయి. అందుకే అంత హడావుడిలోనూ పల్లవిని మనం ఇట్టే గుర్తుపడతాం.

గొంతు ఎలా ఉంది? మామూలు పాటా, పాటలాంటి కేకా, ఉత్త కేకా? కొత్తవాళ్లు మధ్యలో ఆపేసేది ఎక్కువగా ఇక్కడే.

ఎందుకు పాడారు? ఇష్టంతోనా, వెటకారంతోనా, ఆ పాట భుజం మీద తుపాకీ పెట్టి ఇంకెవరినో కాల్చడానికా? నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

## మొదటి రకం: 1976–79 నాటి అసలు బ్యాచ్

న్యూయార్క్‌లో రామోన్స్, లండన్‌లో డ్యామ్డ్, సెక్స్ పిస్టల్స్, క్లాష్. వీళ్లకు పాత పాటల మీద పైకి కనిపించినంత కోపం లేదు. రామోన్స్ 1976లో తెచ్చిన మొదటి ఆల్బంలోనే 1962 నాటి డాన్స్ పాట ‘లెట్స్ డాన్స్’ ఉంది. 1977లో 1958 నాటి ‘డూ యూ వానా డాన్స్’ను రెండు నిమిషాల్లోపే ముగించారు. అందులో వెటకారం వెతికినా దొరకదు. చిన్నప్పుడు రేడియోలో విన్న పాటను ఉన్న మూడు నాలుగు కార్డ్స్‌తో ప్రేమగా వాయించుకున్నారు, అంతే.

డ్యామ్డ్ దారి వేరు. 1976 అక్టోబర్‌లో వచ్చిన వాళ్ల ‘న్యూ రోజ్’ను బ్రిటన్‌లో మొదటి పంక్ సింగిల్‌గా లెక్కిస్తారు. ఆ రికార్డు వెనకవైపు ఉన్నది బీటిల్స్ ‘హెల్ప్’. రైలు తప్పిపోతుందన్నట్టు పరిగెడుతుంది. వింటే నవ్వొస్తుంది, ఇంకోసారి వినాలనిపించదు. నా సంగతి చెబుతున్నాను, మీకు వేరుగా అనిపించొచ్చు.

ఈ బ్యాచ్‌లో దగ్గర కూర్చుని వినాల్సింది సెక్స్ పిస్టల్స్‌లో బేస్ వాయించిన సిడ్ విషస్ 1978లో పాడిన ‘మై వే’. దాని ట్యూన్ 1967 నాటి ఫ్రెంచ్ పాటది. పాల్ ఆంకా ఇంగ్లిష్ మాటలు రాశాడు, ఫ్రాంక్ సినాట్రా గొంతులో 1969లో ప్రపంచమంతా తిరిగింది. జీవితం చివర నిలబడి, నా ఇష్టప్రకారమే బతికానని ఒక పెద్దమనిషి గంభీరంగా చెప్పుకునే పాట. సిడ్‌కు అప్పటికి ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లే. మొదట్లో వెనక వయొలిన్లు మెల్లగా మోగుతుంటే సినాట్రాను వెక్కిరిస్తూ, గొంతు లావు చేసి, కావాలని అపస్వరంలో పాడతాడు. మాటలు కూడా పూర్తిగా రావు, తోచినవి వేసుకుంటాడు. తర్వాత గిటార్లు ఒక్కసారి విరుచుకుపడతాయి. అక్కడి నుంచి వెక్కిరింత ఎప్పుడు జారిపోయిందో తెలియదు. వాడు నిజంగానే ఆ మాటలు తన గురించి అంటున్నాడేమో అనిపిస్తుంది. 1979 ఫిబ్రవరిలో చనిపోయాడు. అది తెలిసి వింటే పాట బరువు ఇంకోలా ఉంటుంది. మార్టిన్ స్కార్సేసీ 1990లో తీసిన ‘గుడ్‌ఫెల్లాస్’ చివర వినిపించేది ఈ వెర్షనే.

ఎవరికి బాగుంటుంది? అసలు పాటలు కొన్నైనా తెలిసినవాళ్లకు. రికార్డింగ్ గరుకుగా ఉన్నా పట్టించుకోనివాళ్లకు. గిటారు నేర్చుకుంటున్నవాళ్లకైతే రామోన్స్‌ను మించిన వాచకం లేదు.

## రెండో రకం: వంకర దారి పట్టినవాళ్లు

మావాడికి గిటారు వినపడనిది ఇక్కడే. వీళ్లకు పోస్ట్-పంక్ అనో, న్యూ వేవ్ అనో పేర్లు. స్పీడు పెంచడం వీళ్ల పద్ధతి కాదు. పాటను విప్పదీసి, ఒక ముక్క పారేసి, మళ్లీ బిగిస్తారు.

రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫ్యాక్షన్’ అనగానే అందరికీ మొదట గుర్తొచ్చేది ఆ గిటారు రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే ఆ చిన్న గిటారు ముక్క. ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ నుంచి వచ్చిన డీవో 1977లో ఆ పాట చేసి, సరిగ్గా ఆ రిఫ్‌నే పీకేశారు. పులిహోరలో చింతపండు తీసేసినట్టు. మిగిలింది కుదుపుల లయ, మిషన్‌లా పలికే గొంతు. అయినా పాట దాని కడుపుమంటను పోగొట్టుకోలేదు. తృప్తి లేదని మనిషి గోల పెడితే ఒక రకం, అదే మాట మిషన్ చెబితే ఇంకో రకం. విడుదలకు ముందు మిక్ జాగర్‌కు వినిపిస్తే లేచి డాన్స్ చేశాడట.

లండన్ అమ్మాయిల బ్యాండ్ స్లిట్స్ 1979లో మార్విన్ గే పాడిన ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ను తీసుకున్నారు. ఊళ్లో గుసగుసల ద్వారా ప్రేమ వ్యవహారం తెలిసిందన్న పాట. వీళ్ల చేతిలో అది జమైకా రెగే నడకలో తూలుతూ సాగుతుంది. ఒకచోట ‘గ్రేప్‌వైన్’ బదులు ‘బేస్‌లైన్’ ద్వారా విన్నానని పాడతారు. అసలు పాట తెలియకపోయినా దీన్ని వినొచ్చు.

ఇక స్ట్రాంగ్లర్స్ 1978లో చేసిన ‘వాక్ ఆన్ బై’. ఆరు నిమిషాలు దాటుతుంది, మధ్యలో ఆర్గాన్ మీద పొడుగాటి సోలో. పంక్ అంటే చిన్న పాట, సోలో ఉండదు అని నిర్వచనం రాసుకున్నవాళ్లకు ఈ ఒక్క పాట చాలు, ఆ కాగితం చింపేసుకోవడానికి. క్లాష్ మొదటి ఆల్బంలోని ‘పోలీస్ అండ్ థీవ్స్’ కూడా అంతే. జమైకాలో జూనియర్ మర్విన్ 1976లో పాడిన రెగే పాటను ఏడాది తిరక్కుండానే ఆరు నిమిషాల పాటగా వాయించారు. ఆ 1977లోనే బాబ్ మార్లీ ‘పంకీ రెగే పార్టీ’ పాడి, అందులో క్లాష్ పేరు, డ్యామ్డ్ పేరు చేర్చాడు. అంటే రాకపోకలు రెండు వైపులా ఉండేవి.

## మూడో రకం: హార్డ్‌కోర్

పీక పిసికే రకం. పంక్‌నే ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా వాయించే శాఖ. దీన్ని వద్దనడానికి కారణాలు చాలా ఉన్నాయి. వినమనడానికి నా దగ్గర ఒక్కటే ఉంది, ఆ ఒక్కటీ సరిపోతుంది: హస్కర్ డూ 1984లో విడుదల చేసిన ‘ఎయిట్ మైల్స్ హై’.

అసలు పాట 1966లో బర్డ్స్‌ది. పన్నెండు తీగల గిటారు గలగలలు, మూడు గొంతులు కలిసి తేలిపోయే పాట. మినెసోటాకు చెందిన హస్కర్ డూ ముగ్గురే మనుషులు. బాబ్ మోల్డ్ మొదటి చరణం మాటలతో పాడతాడు. రెండోదానికి వచ్చేసరికి మాటలు అరిగిపోతాయి. ఆ తర్వాత అక్షరాలు కూడా ఉండవు, ఉత్త అరుపు. విచిత్రం ఏమిటంటే ఆ అరుపు ట్యూన్ వదలదు. ఏడ్చి ఏడ్చి మాట రానివాడు కూడా ఏ మాట చెప్పబోతున్నాడో మనకు తెలిసినట్టు ఉంటుంది. ఇందులో వెక్కిరింత లేదు. 1960ల ఆశలు ఏమైపోయాయో చూడమంటున్నట్టు నాకు వినిపిస్తుంది.

రాత్రి పూట ఇయర్‌ఫోన్స్‌లో మొదటిసారి వినకండి. పగలు, స్పీకర్‌లో, తక్కువ సౌండ్‌తో మొదలుపెట్టండి.

## నాలుగో రకం: ట్యూన్ ఉన్న పంక్

మావాడికి హుషారుగా అనిపించిన మొదటి పాట ఈ ఇంటిదే. పాప్ పంక్, స్కేట్ పంక్, మెలోడిక్ పంక్ అంటూ పేర్లు చాలా ఉన్నాయి. వాటి మధ్య తేడాల కోసం మీరు కష్టపడక్కర్లేదు.

కవర్లు తప్ప ఇంకేమీ వాయించని బ్యాండ్ కావాలంటే ‘మీ ఫస్ట్ అండ్ ద గిమ్మీ గిమ్మీస్’ ఉంది. నోఎఫ్ఎక్స్, లాగ్‌వ్యాగన్ లాంటి బ్యాండ్ల వాళ్లు 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిసి పెట్టుకున్న సరదా కంపెనీ. ఆల్బంకు ఒక థీమ్: 1997లో మొదటిది, 1999లో స్టేజ్ నాటకాల పాటలు, 2003లో ఆర్ అండ్ బీ, 2006లో కంట్రీ. 2004లో ఒక యూదుల కుర్రాడి బార్ మిట్స్వా వేడుకలో వాయించి, అదే లైవ్ ఆల్బంగా వదిలారు. మన దగ్గర ఒడుగు ఫంక్షన్‌లో రాక్ బ్యాండ్ పెట్టించినట్టన్నమాట. గాయకుడు స్పైక్ స్లాసన్ గొంతు బాగుంటుంది, ట్యూన్ చెదరదు. వీళ్ల లోపమూ అదే. మూడు ఆల్బంలు వరసగా వింటే అన్నిటికీ ఒకే మసాలా వేసిన కర్రీ పాయింట్ గుర్తొస్తుంది. రోజుకు నాలుగు పాటలు చాలు.

గోల్డ్‌ఫింగర్ 2000లో చేసిన ‘99 రెడ్ బలూన్స్’ నాకు ఇంకా ఇష్టం. అసలుది ‘నేనా’ అనే జర్మన్ బ్యాండ్ 1983లో పాడిన పాట. ఆకాశంలో బెలూన్లు చూసి శత్రువులనుకుని యుద్ధం మొదలవుతుంది, ఆ కథ. వీళ్లు ఇంగ్లిష్‌లో పాడుతూ ఒక చరణం మాత్రం జర్మన్‌లోనే ఉంచారు. గోల్డ్‌ఫింగర్‌ను స్కా పంక్ బ్యాండ్ అంటారు (స్కా అంటే రెగేకు ముందు జమైకాలో పుట్టిన హుషారు సంగీతం). ఈ పాటలో మాత్రం స్కా వాసన లేదు. ఇంటిపేరు చూసి ముక్కూ మొహం ఊహించుకోవద్దన్నది ఇందుకే.

ఒక్క మాట మార్చి పాట వయసునే మార్చేసిన ఉదాహరణ అటారిస్ 2003లో చేసిన ‘ద బాయ్స్ ఆఫ్ సమ్మర్’. 1984లో డాన్ హెన్లీ పాడిన అసలు పాటలో ఒకచోట ఖరీదైన క్యాడిలాక్ కారు మీద గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానుల స్టిక్కర్ కనిపిస్తుంది. హిప్పీ కుర్రాళ్లు డబ్బున్న పెద్దమనుషులైపోయారన్న చురక. అటారిస్ ఆ స్టిక్కర్‌ను బ్లాక్ ఫ్లాగ్ అనే హార్డ్‌కోర్ బ్యాండ్ స్టిక్కర్‌గా మార్చారు. అంటే ఇప్పుడు పంక్ కుర్రాళ్లే క్యాడిలాక్ ఎక్కారు. తమ తరం మీద తామే వేసుకున్న చురక. మిగతా పాటలో ఇంత తెలివి ఏమీ లేదు, ఆ ఒక్క స్టిక్కర్ కోసం వినొచ్చు.

## ఐదో రకం: ‘పంక్ గోస్’ సీడీలు

ఫియర్‌లెస్ రికార్డ్స్ కంపెనీ 2000లో ‘పంక్ గోస్ మెటల్’తో మొదలుపెట్టి, 2002లో ‘పంక్ గోస్ పాప్’ తెచ్చింది. తర్వాత ఎనభైల పాటలు, తొంభైల పాటలు, చివరికి క్రంక్ (ఒక రకం హిప్‌హాప్) దాకా వెళ్లింది. పాప్ సిరీస్ ఒక్కటే 2017 నాటికి ఏడో భాగానికి చేరింది.

గొడవంతా ఆ ‘పంక్’ అన్న మాట గురించే. 2009 నాటి రెండో పాప్ భాగంలో ఎటాక్ ఎటాక్! అనే బ్యాండ్ కేటీ పెర్రీ ‘ఐ కిస్డ్ ఎ గర్ల్’ను సింథసైజర్లతో, మెటల్ గర్జనలతో వాయించింది. దీన్ని పంక్ అంటే రామోన్స్ అభిమానులు ఒప్పుకోరు, మెటల్ అంటే మెటల్ వాళ్లు ఒప్పుకోరు. సరిగ్గా చెప్పాలంటే మెటల్‌కోర్, అంటే మెటల్, హార్డ్‌కోర్ కలిపిన రకం. ఇదే బ్యాండ్ గిటారిస్టులు ఒక వీడియోలో పీతల్లా మోకాళ్లు వంచి ఊగడం చూసి, జనం ‘క్రాబ్‌కోర్’ అని ఎగతాళి పేరు పెడితే, అదీ ఒక జానర్ లాగే ప్రచారమైంది. లేబుళ్లు ఎంత సీరియస్‌గా తీసుకోవాలో దీన్నిబట్టి చూసుకోండి.

ఇందులో మంచి ఏంటంటే, అసలు పాటలు మీ తరానివి. 2000ల తర్వాత పుట్టినవాళ్లకు బర్డ్స్ ఎవరో తెలియకపోవచ్చు, కేటీ పెర్రీ తెలుసు. కానీ సీడీ మొత్తం ఒకే బిగిన వినకండి. ఏరుకోవాలి. 2012 నాటి ఐదో భాగంలో మేడే పెరేడ్ చేసిన ‘సమ్‌బడీ దట్ ఐ యూస్డ్ టు నో’తో మొదలుపెడితే గొంతుకు అలవాటు పడతారు.

## ఐదూ పక్కపక్కన

| రకం | అసలు పాట తెలియాలా | ట్యూన్ | గొంతు | ‘పంక్’ పేరు నప్పుతుందా | ముందు వినాల్సింది |
|---|---|---|---|---|---|
| 1976–79 బ్యాచ్ | తెలిస్తే రెట్టింపు మజా | చాలావరకు ఉంటుంది | గరుకు, కానీ పాటే | అనుమానం లేదు | ‘మై వే’ |
| వంకర దారి | అక్కర్లేదు | విప్పి మళ్లీ కట్టింది | వింతగా | వాదించుకోవచ్చు | డీవో ‘సాటిస్‌ఫ్యాక్షన్’ |
| హార్డ్‌కోర్ | తెలిస్తేనే గుండెకు తగులుతుంది | లోపల దాగి ఉంటుంది | కేక | నప్పుతుంది | ‘ఎయిట్ మైల్స్ హై’ |
| ట్యూన్ ఉన్న పంక్ | అక్కర్లేదు | మొత్తం ఉంటుంది | శుభ్రంగా | ముందు ‘పాప్’ చేర్చాలి | ‘99 రెడ్ బలూన్స్’ |
| ‘పంక్ గోస్’ | తెలియాలి, తెలిసే ఉంటుంది | పల్లవిలో ఉంటుంది, మధ్యలో పోతుంది | పాట, గర్జన కలిపి | చాలాసార్లు నప్పదు | ఐదో భాగం నుంచి ఒకటి |

## ఒకే పాట, నలుగురి చేతుల్లో

పట్టిక చూసినా తేలకపోతే ‘ఐ ఫాట్ ద లా’ ఒక్కటి తీసుకోండి. పావుగంట పని. డబ్బు కోసం తుపాకీ పట్టి, చట్టంతో కలబడి, ఓడిపోయి రాళ్లు కొడుతున్న ఖైదీ పాట. సోనీ కర్టిస్ రాశాడు, క్రికెట్స్ 1960లో తెచ్చారు. 1966లో టెక్సస్ బ్యాండ్ బాబీ ఫుల్లర్ ఫోర్ దాన్ని హిట్ చేసింది. ఆ వెర్షన్ ముందు వినండి. ఓటమి గురించి ఇంత ఉల్లాసంగా పాడిన పాటలు అరుదు.

తర్వాత క్లాష్, 1979. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టూడియోలో ఉన్నప్పుడు అక్కడి జూక్‌బాక్స్‌లో విని పట్టుకున్నారు. మాటలు దాదాపు అవే. మొదట్లో డ్రమ్స్ మోత, తుపాకీ పేలినట్టు కొట్టే దెబ్బలు. చట్టమే గెలిచిందని ఒప్పుకుంటున్నట్టు ఉండదు, రేపు మళ్లీ వస్తాను చూడు అన్నట్టు ఉంటుంది.

మూడోది డెడ్ కెనడీస్. అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో, 1978 నవంబర్‌లో, డాన్ వైట్ అనే మాజీ నగరసభ సభ్యుడు మేయర్ జార్జ్ మోస్కోనీని, నగరసభ సభ్యుడు హార్వీ మిల్క్‌ను సిటీ హాల్‌లోనే కాల్చి చంపాడు. కోర్టు దాన్ని హత్యగా లెక్కించలేదు, తక్కువ నేరం కింద ఏడేళ్ల ఎనిమిది నెలల శిక్ష వేసింది. డెడ్ కెనడీస్ ఆ హంతకుడి గొంతుతో పాట తిరగరాశారు. పల్లవిలో గెలిచింది చట్టం కాదు, నేను. 1987 నాటి వాళ్ల సంకలనంలో దొరుకుతుంది. ట్యూన్ ఊపు పాతదే కాబట్టి కాలు ఆడుతుంది, మాటలు చెవిన పడ్డాక ఆగిపోతుంది. భుజం మీద తుపాకీ అని పైన అన్నది దీని గురించే.

నాలుగోది గ్రీన్ డే, 2004. సూపర్ బౌల్ సమయంలో పెప్సీ, ఐట్యూన్స్ కలిసి ఇచ్చిన యాడ్ కోసం. అక్రమంగా పాటలు డౌన్‌లోడ్ చేసి కేసులు ఎదుర్కొన్న పిల్లలనే ఆ యాడ్‌లో చూపించారు. వాయింపులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. క్లాష్ వాయించినట్టే శుభ్రంగా వాయించారు. నాకు మాత్రం కూల్‌డ్రింక్ రుచి పోలేదు.

ఈ నాలుగింట్లో ఏది మళ్లీ పెట్టుకోవాలనిపిస్తే అదే మీ రకం. గ్రీన్ డే అయితే నాలుగో రకంలోకి వెళ్లండి, అందులో తప్పేం లేదు. క్లాష్ అయితే మొదటిది. డెడ్ కెనడీస్ నచ్చితే హార్డ్‌కోర్‌కు భయపడక్కర్లేదు. నాలుగింటిలోకీ బాబీ ఫుల్లరే నచ్చితే, మీకు పంక్ కాదు, 1960ల గరాజ్ కావాలి. ‘నగెట్స్’ వెతుక్కోండి.

## ఇంకొన్ని అవసరాలు

జిమ్‌కో, బైక్ మీద లాంగ్ డ్రైవ్‌కో అయితే గిమ్మీ గిమ్మీస్, గోల్డ్‌ఫింగర్. ఆలోచన అక్కర్లేదు. ఇంట్లో అమ్మానాన్నల ముందు పెట్టాలంటే జానీ క్యాష్ ‘రింగ్ ఆఫ్ ఫైర్’ను సోషల్ డిస్టార్షన్ 1990లో చేసిన వెర్షన్. పంక్‌లో కంట్రీ వాసన, ఎవరూ రిమోట్ అడగరు.

కాలేజీ ఫెస్ట్‌లో వాయించాలా? మా బ్యాండ్ ఒకసారి ‘మై వే’ సిడ్ స్టయిల్లో ఎత్తుకుంది. అసలు పాట హాల్లో పదిమందికి కూడా తెలియదు. మా వోకలిస్ట్ కావాలని తీసిన అపస్వరాన్ని జనం నిజం అపస్వరం అనుకున్నారు. రెండో చరణానికే మైక్ కట్. కాబట్టి జనానికి వచ్చిన పాటనే ఎంచుకోండి. మన సినిమా మెలోడీ ఒకటి తీసుకుని గాంధారం లేని కార్డ్స్, రెండో కాలం డ్రమ్స్ పెట్టి చూడండి, పల్లవి జనమే అందుకుంటారు.

దాన్ని రికార్డ్ చేసి విడుదల చేయాలంటే మాత్రం మన కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ ఉంది. ఆ లైసెన్స్ దారిలో వెళ్లాలంటే అసలు రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగాలి. పాటను ఇష్టం వచ్చినట్టు మార్చడానికి కూడా అది ఒప్పుకోదు. మాటలు మార్చే డెడ్ కెనడీస్ పద్ధతి పెట్టుకుంటే హక్కుదారుల అనుమతి అడగాల్సిందే.

ఇక ప్లేలిస్టుకు ఏ పేరు పెట్టాలన్న తగువు. నేను మూడు ఫోల్డర్లు పెట్టుకున్నాను: ‘ప్రేమతో’, ‘వెటకారంతో’, ‘కోపంతో’. జానర్ పేరు ఇంకొకరికి పాట వెతికి పెట్టేటప్పుడు పనికొస్తుంది, నాకు నేను వినేటప్పుడు కాదు. ‘మై వే’ ఏ ఫోల్డర్లో పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేదు, మూడింటిలోనూ ఉంది.

మావాడు వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. అన్నిట్లోకీ వాడికి నచ్చింది రామోన్స్ 1980లో చేసిన ‘బేబీ, ఐ లవ్ యూ’. 1963లో రోనెట్స్ పాడిన ప్రేమ పాట. నిర్మాత ఫిల్ స్పెక్టర్ వెనక వయొలిన్లు పరిచాడు, పవర్ కార్డ్ మచ్చుకైనా వినపడదు. బ్రిటన్ చార్టుల్లో రామోన్స్ అందుకున్న అన్నిటికన్నా పై మెట్టు, 8వ స్థానం, ఆ పాటదే.

“ఇది పంక్ ఎలా అవుతుంది మామయ్యా?” అన్నాడు.

“పాడిందెవరు?”

“జోయీ రామోన్.”

“వాళ్ల బ్యాండ్‌లో జానీ రామోన్, డీ డీ రామోన్ కూడా ఉన్నారు. అన్నదమ్ములనుకున్నావా?”

“కాదా?”

కాదు. ఒకరికొకరు ఏమీ కారు. బ్యాండ్ పెట్టినప్పుడు అందరూ కలిసి ఆ ఇంటిపేరు తగిలించుకున్నారు.